ప్రతిభకు నలభై శాతం

ఆ ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఏడేళ్ళుగా గుమాస్తాగా పనిచేస్తున్న ఆమెకు ‘ప్రతిభ’ అన్న మాట వింటేనే ఒళ్ళు మండేది. ఏటా వేసవిలో ఆ మాటను పన్నెండు వందల సార్లు ప్రింటు తీసేది ఆమే మరి. బంగారు రంగు అంచున్న మందపాటి కాగితం, పైన కాలేజీ ముద్ర, కింద డైరెక్టరు సంతకం. ఆ సంతకం కూడా రబ్బరు స్టాంపే, ఆమె సొరుగులోనే ఉంటుంది. మధ్యలో ‘విశిష్ట ప్రతిభను గుర్తించి’ అంటూ నాలుగు వాక్యాలు. పేరు, మార్కులు, శాతం మాత్రం కంప్యూటరు తనే మార్చుకుంటూ పోతుంది.

ఐదేళ్ళ కిందట డైరెక్టరు ఫీజును ఒక్కసారిగా రెట్టింపు చేశాడు. ఇక పిల్లలెవరు చేరతారని స్టాఫంతా బెంబేలెత్తిపోయారు. ఆయన నింపాదిగా వజ్రం, స్వర్ణం, రజతం అని మూడు స్కాలర్‌షిప్పులు పెట్టాడు. తొంభై దాటినవాడికి వజ్రం, సగం ఫీజు మాఫీ. డెబ్భై ఐదు దాటితే స్వర్ణం, నలభై శాతం. అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడికి రజతం, ముప్ఫై. అంటే వజ్రం లాంటి పిల్లవాడు కూడా పాత ఫీజు కంటే చిల్లిగవ్వ తక్కువ కట్టడు.

“ఫీజు తగ్గిస్తే నాసిరకం కాలేజీ అంటారమ్మా. పెంచి, నీ కొడుకు గొప్పవాడు కాబట్టి నీకొక్కడికే తగ్గించాం అని చెప్పు. ఆ తండ్రి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తాడు” అన్నాడు డైరెక్టరు.

పరిగెత్తుకొచ్చారు. ఆ ఏడు క్లాసుల్లో కుర్చీలు చాలలేదు. చేరేటప్పుడు పూర్తి ఫీజు కట్టిన మనిషి ఒక్కడైనా ఉన్నాడేమోనని ఆమె ఒకసారి రికార్డులన్నీ తిరగేసింది. ఒకడు దొరికాడు. వాడి ఉత్తరం ప్రింటర్లో ఇరుక్కుపోయిందట, అంతే.

ఈ సంగతులన్నీ కడుపులో పెట్టుకుని ఒక ఆదివారం అక్కగారింటికి వెళ్ళేసరికి, బావగారు హాల్లో నిలబడి అదే ఉత్తరాన్ని బిగ్గరగా చదువుతున్నాడు. దాన్ని అప్పటికే లామినేషన్ చేయించాడు. పక్క వాటా ఆయన వింటున్నాడు పాపం, వెళ్ళడానికి సందు దొరక్క.

బావగారిది కుళాయిలు, సింకులు, షవర్లు అమ్మే దుకాణం. లోకంలో తనను మోసం చేయగల మనిషి ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. ఆయన కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉండేదని పెట్టిన పేరు, ఇప్పుడు తండ్రి కంటే జానెడు పొడుగైనా పోలేదు. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ రాళ్ళ పిచ్చి. ప్రభుత్వ కాలేజీలో భూగర్భశాస్త్రం కోసం ప్రవేశపరీక్ష రాస్తే మొత్తంమీద ఎనిమిదో స్థానం వచ్చింది. ఫీజు నామమాత్రం. ఆ సీటిచ్చినట్టు వచ్చిన కాగితం మాత్రం జిరాక్సు తీసిన పల్చటి కాగితం. పిల్ల పేరులో ఒక అక్షరం కూడా తప్పు. బావగారు దాన్ని కాఫీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

“చూశావా మరదలా! విశిష్ట ప్రతిభ! మీ కాలేజీవాళ్ళే రాశారు. స్వర్ణ స్కాలర్‌షిప్!”

“చూశాను బావా. నేనే ప్రింటు తీశాను.”

“అలాగా! మరి డైరెక్టరుగారు మన పిల్ల గురించి ఏమన్నారు?”

“ఏమంటారు? మన పిల్ల ఎవరో ఆయనకు తెలీదు. పాసైన ప్రతివాడికీ వెళ్తుందా ఉత్తరం. ముందు ఫీజు పెంచి, తర్వాత తగ్గించినట్టు రాస్తారు.”

బావగారు ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ జాలికే ఆమెకు అరికాలిమంట నెత్తికెక్కింది.

“నీ బాధ నాకు తెలుసులే అమ్మాయ్. మీవాడు ఆ కరెంటు కోర్సులో చేరాడు. ఎవరూ పిలిచి స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. కడుపులో ఉంటుంది కదా.”

“మావాడి సంగతి తర్వాత. మీ షాపులో కుళాయి డబ్బా మీద ధర స్టిక్కరు ఎవరు అంటిస్తారు బావా?”

“నేనే. ఏం?”

“దానిమీద ముప్ఫై శాతం తగ్గించి, ‘మీరు కాబట్టి ఇస్తున్నాను’ అనేది ఎవరు?”

పక్క వాటా ఆయన కిసుక్కున నవ్వాడు. అతని బాత్రూములో ఉన్నవన్నీ ఆ షాపు కుళాయిలే.

“అది వ్యాపారం,” అన్నాడు బావగారు ముఖం గంభీరంగా పెట్టి. “ఇది చదువు. రెంటినీ కలపకు.”

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. తల తన్నించుకున్నవాడు ఆ తన్నును లామినేషన్ చేయించుకోవడం మాత్రం ఆమె అప్పుడే చూసింది.

“నాన్నా, నేను రాళ్ళే చదువుకుంటాను,” అంది పిచ్చుక గుమ్మంలోంచి.

“రాళ్ళకు కాలేజీ ఎందుకమ్మా? వీధి చివర కంకర లారీ ఆగుతుంది, దాని పక్కన కూచుని చదువుకో. పిలిచి నలభై శాతం ఇస్తున్నవాళ్ళు గొప్పా? పేరు కూడా సరిగ్గా రాయలేనివాళ్ళు గొప్పా?”

అక్క వంటింట్లోంచి వచ్చింది. గ్లాసు తీసింది, కింద తడిసిన కాగితాన్ని చీరకొంగుతో అద్ది, లోపలికి పట్టుకుపోయింది. అక్క ఎప్పుడూ అంతే, నోట్లో నాలుక లేనట్టుంటుందని చెల్లెలికి ఆవిడ మీద కూడా చిరాకే.

మర్నాడు మధ్యాహ్నం పిచ్చుక ఆఫీసుకు వచ్చింది.

“పిన్నీ, నిజంగా అందరికీ ఇస్తారా?”

ఆమె బల్ల పక్కనున్న అట్టపెట్టెలు చూపించింది. పోస్టులో పంపాల్సిన కవర్లు, ఆరు పెట్టెలు. పిచ్చుక వంగి పై వరసలో పేర్లు చదివింది. నాలుగో కవరు దగ్గర ఆగి నవ్వాపుకోలేకపోయింది.

“వీడా! నా క్లాసే పిన్నీ. లెక్కల పరీక్షలో ప్రశ్నలే తిరిగి రాసొచ్చాడు.”

“రజతం. విశిష్ట ప్రతిభ.”

“మరి మా నాన్నకు చెప్పినట్టే వాళ్ళ నాన్నకూ...”

“అక్షరం తేడా ఉండదు. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చదివావా? ప్రతి సెమిస్టర్‌లోనూ ఎనభై ఐదు రావాలి. లేకపోతే స్కాలర్‌షిప్ రద్దు, పూర్తి ఫీజు. మొదటి ఏడాదిలోనే సగంమందికి పోతుంది. ఆ ఉత్తరాలూ నేనే పంపుతాను. వాటికి బంగారు అంచు ఉండదు.”

పిచ్చుక పెట్టె మూత మూసింది.

“ఇవన్నీ తెలిసి నువ్విక్కడ ఎందుకు చేస్తున్నావు పిన్నీ?”

“ఒకటో తారీఖున జీతం వేస్తారు,” అంది ఆమె. ఆ మాట తన చెవికే ఎంత చవగ్గా వినిపించిందంటే, వెంటనే లేచి అవసరం లేకపోయినా ప్రింటర్లో కాగితాలు సర్దింది.

రెండు వారాల తర్వాత ప్రతిభావంతులకు సన్మానసభ. ఆ రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి సీటు ఖాయం చేసుకోవాలి. ఇచ్చాక అవి మళ్ళీ చేతికి రావడం బ్రహ్మవిద్య. ప్రభుత్వ కాలేజీలో చేరడానికి కూడా ఆ సాయంత్రమే ఆఖరి గడువు. డైరెక్టరు ఆ తేదీ చూసుకునే సభ పెట్టాడు.

హాలంతా కిటకిటలాడుతోంది. ప్రతి తండ్రీ తన కొడుకును తప్ప మిగతావాళ్ళందర్నీ అనుమానంగా చూస్తున్నాడు, వీళ్ళకెలా వచ్చిందబ్బా అన్నట్టు. పన్నెండు వందలమందికి ఇచ్చినదాన్ని పన్నెండు వందలమందీ తమకొక్కరికే దక్కిందనుకుంటూ ఒకే గదిలో కూర్చోగలరని ఆమె కళ్ళారా చూడకపోతే నమ్మేది కాదు. బావగారు కొత్త కోటు వేసుకుని మొదటి వరసలో మూడు కుర్చీలు పట్టాడు. రెంటి మీద చేతిరుమాలు, కళ్ళజోడు డబ్బా పెట్టాడు.

“అక్కేది? పిల్లేది?” అంది ఆమె, సర్టిఫికెట్లు తీసుకునే బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి.

“మీరు ముందెళ్ళి సీట్లు పట్టండి, మేం ఫైలు తీసుకుని వెనకాలే వస్తాం అంది మీ అక్క. ఆడవాళ్ళ ముస్తాబు తెలిసిందేగా.”

అక్క ముస్తాబవడం ఆమె ఈ పదేళ్ళలో చూడలేదు. అయినా తిరిగి తన బల్ల దగ్గరకు వెళ్ళింది.

మైకులో పేర్లు పిలుస్తున్నారు. పిల్లలు ఒకరి వెనక ఒకరు మెట్లెక్కుతున్నారు, స్కాలర్‌షిప్ పేరు అచ్చువేసిన అట్టముక్క తీసుకుని దిగుతున్నారు. లెక్కల ప్రశ్నలు తిరిగి రాసిన కుర్రాడికి అందరికంటే ఎక్కువ చప్పట్లు. వాళ్ళది పెద్ద కుటుంబం. ఇంతలో బల్లమీద ఆమె ఫోను మోగింది. అక్క.

“చేర్చేశామే,” అంది అక్క. వెనక ఎవరో గట్టిగా ముద్రలు గుద్దుతున్న చప్పుడు. “ఒరిజినల్స్ ఇచ్చేశాం. రసీదు కూడా తీసుకున్నాను. పేరులో అక్షరం కూడా దిద్దించాను.”

“బావకు చెప్పావా?”

“నువ్వు చెప్పు,” అంది అక్క. “నాకిక్కడ ఫొటోలు అంటించే పనుంది.”

నోట్లో నాలుక లేనిదనుకున్న అక్క గొంతు వింటుంటే ఆమెకు నవ్వూ, తన మీద తనకు సిగ్గూ ఒకేసారి వచ్చాయి. ఐదేళ్ళనుంచి నిజం తెలిసిన తను కవర్లు అంటించింది. నిజం రెండు వారాల కిందట తెలిసిన అక్క పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె మొదటి వరస దాకా వెళ్ళేలోపే మైకులో పిచ్చుక అసలు పేరు వినిపించింది. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచారు. బావగారు గుమ్మం వైపు చూశాడు. మూడోసారి పిలిచారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. అప్పుడు బావగారు కోటు గుండీ పెట్టుకుని లేచాడు. మెట్లెక్కాడు. డైరెక్టరు చేయి కలిపి, అట్టముక్క చేతికిచ్చి, అలవాటు ప్రకారం “బాగా చదువుకో” అన్నాడు.

“అలాగే సార్,” అన్నాడు బావగారు, యాభై రెండేళ్ళ మనిషి.

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన కెమెరా వైపు తిరిగి, ఆ అట్టముక్కను గుండెలకు ఆనించి నిలబడ్డాడు.

కిందకు దిగాక ఆమె సంగతి చెప్పింది. ఆయన ముఖం మాడిపోయింది.

“ఇదంతా నీ పనేనా?”

“కాదు బావా. మీ ఆవిడ పని.”

ఆయనకు ఆ మాట అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. భార్య ఒక పని చేయగలదన్న ఊహే ఆయనకు కొత్త. ఇంటికెళ్ళి అరిచాడట, రెండు రోజులు అన్నం మానేశాడట. అక్క బతిమాలలేదట. మూడోనాడు తనే వడ్డించుకుని తిన్నాడట.

నెల తర్వాత ఆమె వంటింటి సింకు కింద పైపు కారుతుంటే వాషర్ కోసం ఆయన దుకాణానికి వెళ్ళింది. కౌంటరు వెనక గోడమీద, ఖరీదైన షవర్ల పైన, ఆ అట్టముక్క పటం కట్టి ఉంది. దాని ముందు ఒక ఖాతాదారు తల వెనక్కి వాల్చి చదువుతున్నాడు.

“మీ అమ్మాయేనాండీ? స్వర్ణ స్కాలర్‌షిప్పే!”

“మా అమ్మాయే. పిలిచి ఇచ్చారు. మేమే వద్దనుకున్నాం,” అన్నాడు బావగారు తాపీగా. “డిస్కౌంటు చూసి చదువు మార్చుకునే ఇల్లు కాదండీ మాది.”

ఆమె చేతిలోని పాత వాషర్ జారి కింద పడింది. బావగారు ఆమెను చూసి ఏమాత్రం తడబడలేదు. పైగా ముఖం వెలిగిపోయింది.

“ఇదిగో, మా మరదలు. ఆ కాలేజీ ఆఫీసులోనే చేస్తుంది. స్కాలర్‌షిప్పులన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్తాయి.”

ఖాతాదారు రెండు చేతులూ జోడించాడు. షవరు బేరం మరిచిపోయాడు.

“అమ్మా, మావాడు మొన్ననే సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు. మాలాంటివాళ్ళ పిల్లలకు ఇస్తారంటారా? ఎవరినైనా కలవాలా?”

చెప్పాల్సినవన్నీ ఆమె నాలుక చివరే ఉన్నాయి. బావగారు ఆమె వైపే చూస్తున్నాడు, ఆ ఖాతాదారు కంటే ఆశగా.

“ఎంతొచ్చాయి?” అంది ఆమె.

“అరవై రెండు శాతమమ్మా.”

“వస్తుంది,” అంది ఆమె, వంగి వాషర్ వెతుక్కుంటూ. “రజతం.”

ఆ మనిషి కళ్ళు చెమర్చాయి.