మూసినట్టున్న తలుపు

తన తాళాన్ని ఎవడూ తెరవలేడని నిరూపించాల్సిన రోజునే, తాళాలు తయారుచేసే అన్నయ్య ఆ తాళం వెనక ఇరుక్కుపోయాడు.

గడియ సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని దుకాణంలోని ఉక్కు గదిలోకి వెళ్ళాడు. వెనకాలే తలుపు దానంతటదే మూసుకుంది. తాళంచెవి అతని జేబులో ఉంది. తాళం కన్నం బయటివైపు ఉంది.

అతని భార్య పరుగున వెళ్ళి, పక్క వీధిలో ఉండే అతని చెల్లెల్ని పిలుచుకొచ్చింది. బిగుసుకుపోయిన తాళాలు తెరవడం చెల్లెలి వృత్తి. "తాళం చెయ్యడం విద్య, తెరవడం దొంగబుద్ధి" అని అన్నయ్య నలుగురిలో అన్ననాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చెల్లెలు సంచి కింద పెట్టి, కన్నానికి నోరు ఆనించింది.

"ఎవరండీ లోపల? దొంగా, దొరా?"

"ముట్టుకోకే! హోటల్ మేనేజరు దారిలో ఉన్నాడు. గదులన్నిటికీ నా తాళాలే పెట్టిస్తానన్నాడు. నువ్వు తెరిచావని తెలిస్తే ఆర్డరు నీళ్ళపాలే."

"అయితే అక్కడే కాపురం పెట్టు."

"ఊపిరాడట్లేదే!"

"నీకంటే నేనే గొప్పని ఒప్పుకో."

"ఛస్తే ఒప్పుకోను."

"ఛస్తావనేగా అడుగుతున్నా!"

వదిన రెండు చేతులూ జోడించింది. చెల్లెలు సన్నటి ఇనుప పుల్లలు రెండు తీసి, తలుపుకి చెవి ఆనించింది. టిక్. టిక్. టక్!

తలుపు వేలెడంత తెరుచుకుంది. సందులో అన్నయ్య మొహం ఆముదం తాగినట్టుంది.

బయట కారు ఆగింది.

"లోపలికి లాగి పట్టుకో, గడియ మాత్రం పడనివ్వకు," అంది చెల్లెలు గుసగుసగా. "మిగతాది నేను చూసుకుంటా."

మేనేజరు లోపలికి వచ్చేసరికి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పుల్లలు తిప్పుతోంది.

"మా ఆయన లోపలే ఉండి తాళం వేయించుకుని, తాళాలు తెరిచే ఈవిడని తెరవమన్నారండీ. అంత నమ్మకం," అంది భార్య, గుడ్లు తేలేస్తూ.

చెల్లెలు చెమట తుడుచుకుంది. నిట్టూర్చింది. చివరికి పుల్లలు కిందపడేసింది.

"నా వల్ల కాదండీ. మా అన్నయ్య పనితనం ముందు నేనెంత?"

అప్పటిదాకా అంతా నటనే. ఆ ఒక్క మాట మాత్రం ఆమె నిజంగానే అంది.

మేనేజరు మురిసిపోయి పెన్ను తీశాడు. "భేష్! ఆర్డరు ఖాయం." అంతటితో ఊరుకున్నా బాగుండేది. "అయినా ఈవిడకి పనేం వచ్చులెండి! అన్నగారి పేరు చెప్పుకుని బతికేస్తున్నట్టుంది."

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఎవరికయ్యా పని రానిది?" అన్నయ్య మేనేజరు మీదికి వచ్చేశాడు. "నువ్వు కారు దిగకముందే తెరిచి పారేసింది! దీని చేతికి లొంగని తాళం ఇంకా పుట్టలేదు, నాదైనా సరే!"

మేనేజరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కారు వచ్చిన దారినే పోయింది.

భార్య నెత్తి బాదుకుంది.

"ఏమన్నావ్? మళ్ళీ అను," అంది చెల్లెలు.

"ఏమీ అన్లేదు. నిన్ను తిడితే నేను తిట్టాలి. మధ్యలో వాడెవడు?"

ఆమె నవ్వాపుకోలేకపోయింది. అన్నయ్య తలుపు నుంచి తాళం ఊడదీస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ ఎక్కడ లొంగింది?"

"మూడో పిన్ను దగ్గర. బద్ధకంగా అరగదీశావ్."

"బద్ధకమా! నేనా!"

భార్య తలుపు దగ్గర నుంచి తిరిగి చూసేసరికి, ఇద్దరూ తాళాన్ని బల్లమీద ముక్కలు ముక్కలుగా విప్పేస్తున్నారు, ఒకరి చేతిమీద ఒకరు కొట్టుకుంటూ.