దువాకి ముందు ఒక పాఠం

పెంబా దీవిలో అక్టోబరు నెల వచ్చిందంటే జనానికి రెండు పనులు. లవంగాలు కోయించడం, కలాల మీద దువా, అంటే ప్రార్థన, చదివి ఊదించడం. కోతకి చురుగ్గా చెట్టెక్కేవాళ్ళు కావాలి కాబట్టి ఆఖరి తరగతి ఫోర్త్ ఫారం పిల్లలు బడి మానేసి కొమ్మల మీద ఉండేవాళ్ళు. నవంబరులో సర్కారు పరీక్షలు కాబట్టి వాళ్ళ తల్లులు కలాలు కొంగున కట్టుకుని మాలిం షామె, అంటే షామె పంతులు, వరండా ముందు ఉండేవాళ్ళు. కోయడం పిల్లల పని, పాస్ చేయించడం దేవుడి పని. మధ్యలో చదవడం అనేదొకటి ఎవరి వాటాకీ రాకుండా మిగిలిపోయేది. దాని గురించి పెద్దగా ఎవరూ బాధపడినట్టు కనిపించేది కాదు.

మాలిం షామెకి అరవై ఎనిమిదేళ్ళు. చాకె చాకె ఊరి చివర ఓ రేకుల వరండాలో ముప్ఫై తొమ్మిదేళ్ళుగా పిల్లలకి ఖురాను నేర్పుతున్నాడు. సర్కారు బడి గడప తొక్కినవాడు కాదు. అయినా పరీక్షలొస్తే ఊళ్ళో ఆయనకున్న గిరాకీ హెడ్మాస్టరుకి ఉండదు. తెల్ల పింగాణీ పళ్ళెం మీద కుంకుమపువ్వు సిరాతో దైవవాక్యాలు రాసి, పన్నీటితో కడిగి, ఆ నీళ్ళు పిల్లలకి తాగించేవాడు. కలాల మీద ఊది ఇచ్చేవాడు. ఆయన నమ్మకంలో కల్తీ లేదు. ప్రతి పిల్లవాడి పేరూ చెప్పి, కళ్ళు తడయ్యేదాకా దేవుణ్ణి అడిగేవాడు. అటుపక్క పిల్లలు పన్నీరు నీళ్ళు గుటకేసి, మూతి తుడుచుకుని, ఇక తమ బాధ్యత తీరిపోయినట్టు బీచి వైపు బంతాటకి పోయేవాళ్ళు.

ఆ ఏడు అందరికన్నా ముందు వచ్చినవాడు లవంగాల వ్యాపారి మసూద్. ఆయన కొడుకు పేరు త్వాలిబ్. ఆ పేరుకి విద్యార్థి అని అర్థం. పంతొమ్మిదేళ్ళొచ్చినా, రెండుసార్లు ఫోర్త్ ఫారం తప్పినా, పేరు మాత్రం మారలేదు.

"మాలిం గారూ, ఈసారి మామూలు దువా పనికిరాదు. గట్టిది కావాలి," అన్నాడు మసూద్ చాప మీద కూర్చుంటూ.

"దువాల్లో గట్టివీ మెత్తవీ ఉండవు మసూద్ గారూ. అబ్బాయి ఏం చదివాడు?"

"అది తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తాను?"

త్వాలిబ్ వరండా స్తంభానికి ఆనుకుని, తన గురించి కాదన్నట్టు చెప్పు కొనతో మట్టి గీస్తున్నాడు. మాలిం వాడి వైపు కాసేపు చూశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట ఆయనకి ఆ పూట బయటికొచ్చేసింది.

"నేను దేవుణ్ణి అడిగేది ఒకటే. ప్రభూ, వీడి జ్ఞానం పెంచు అని. పెంచమనాలంటే కొంచెమైనా ఉండాలి కదండీ. సున్నాని ఎంతతో హెచ్చవేస్తే ఏం లాభం?"

"అల్లాకి మీరు లెక్కలు నేర్పుతారా?" మసూద్ కళ్ళు పెద్దవి చేశాడు.

"లేదు. మీవాడికి నేర్పమంటున్నాను. రోజూ తెల్లవారి నమాజు కాగానే పుస్తకం పట్టుకుని ఇక్కడికి రమ్మనండి. ఒక పాఠం నాకు ఒప్పజెప్తే ఒక దువా. ఒప్పజెప్పకపోతే లేదు."

మసూద్‌కి ఇది కొత్తరకం దువా అనిపించింది. కొత్తది కాబట్టి గట్టిదే అయ్యుంటుందని ఒప్పుకున్నాడు.

మర్నాటి నుంచి త్వాలిబ్ జీవశాస్త్రం పుస్తకంతో వచ్చాడు. పుస్తకం మూడేళ్ళ నాటిదైనా నలగలేదు, మడత పడలేదు. మొదటి రోజు మూత్రపిండాల పాఠం ఒప్పజెప్పాడు. మాలింకి ఆ శాస్త్రంలో అక్షరం ముక్క తెలియదు. కానీ వినడంలో ఆయనంత వాడు దీవిలో లేడు. పిల్లలు వల్లెవేస్తుంటే ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ అర్థం తెలియకుండా గొంతు పరిగెడుతోందో కళ్ళు మూసుకునే పట్టేవాడు.

"ఆగు. రంజానులో నేను పొద్దుటి నుంచి చుక్క నీళ్ళు తాగను. మరి మధ్యాహ్నం మూత్రం ఎక్కణ్ణుంచి వస్తోంది?"

త్వాలిబ్ పేజీలు తిప్పి చూశాడు. "అది పుస్తకంలో లేదు మాలిం గారూ."

"నా ఒంట్లో ఉంది కదరా. రేపు చెప్పు."

త్వాలిబ్ ఆ రోజు బంతాటకి పోలేదు. పాఠం మళ్ళీ తిరగేశాడు, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మని పట్టుకుని అడిగాడు. పొద్దున్నే వచ్చి, రక్తం వడపోత ఎప్పుడూ ఆగదనీ, నీళ్ళు తక్కువైతే ఒళ్ళు పొదుపుగా వాడుకుంటుందనీ చెప్పాడు. మాలిం "సుభానల్లా" అని అరచేతులు పైకెత్తాడు. ఆ తర్వాత చేసిన దువా త్వాలిబ్ కోసమో, మూత్రపిండాల కోసమో చెప్పడం కష్టం.

అప్పట్నుంచి ఆయనకి అదో వ్యసనమైంది. పగలంతా తిండి లేకపోయినా పిల్లల మీద అరిచే బలం ఎక్కడిది? కాలేయంలో దాచిన చక్కెర. గుండె ఎప్పుడు పడుకుంటుంది? దెబ్బకీ దెబ్బకీ మధ్య. రెండు వారాల్లో ఆయన జీవశాస్త్రం సగం పూర్తిచేశాడు. అన్నం దగ్గర భార్య హిదాయాకి కూడా వినిపించేవాడు.

"నలభై నాలుగేళ్ళు కాపురం చేశాం. నా కాలేయం ఎలా ఉందని ఎప్పుడైనా అడిగావా?" అంది హిదాయా, ఆక్టోపస్ కూర వడ్డిస్తూ. "ఎవరి కొడుకు పరీక్షకో నువ్వు చదువుతున్నావు. పాసైతే నీకూ ఏ ఆస్పత్రిలోనో ఉద్యోగం ఇస్తార్లే."

మూడో వారంలో ఒక ఉదయం మసూద్ అటుగా వెళుతూ ఆగాడు. వరండాలో కొడుకు పుస్తకం ముందేసుకుని, పుల్లతో నేల మీద కన్ను బొమ్మ గీసి మాలింకి వివరిస్తున్నాడు. కళ్ళారా చూసిన ఆ ఘోరానికి ఆయన మొహం ఎర్రబడింది.

"ఏంటిది మాలిం గారూ? నేను వీణ్ణి దువాకి పంపితే మీరు చదివిస్తున్నారా? చదివేదైతే బడిలోనే చదివేవాడు కదా?"

"చదువుతున్నాడు మసూద్ గారూ. బాగానే చదువుతున్నాడు."

"ఈ వయసులో వాడికా శ్రమ ఎందుకు? నా కొడుక్కి చదువుకునే ఖర్మ పట్టలేదు. లేవరా."

వాళ్ళు వెళ్ళిపోయాక మాలిం ఆ కన్ను బొమ్మ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. కంటి లోపలి తెర మీద బొమ్మ తలకిందులుగా పడుతుందన్నాడు త్వాలిబ్. మరి మనకి అంతా నిటారుగా ఎందుకు కనిపిస్తోందో చెప్పబోతుండగా వాళ్ళ నాన్న వచ్చాడు.

ఆ శుక్రవారం సముద్రం అవతలి దార్ పట్నం నుంచి పేరున్న మతబోధకుడు షేక్ ముబీన్ దిగాడు. ఆయన దువాకి నాలుగు మైకులు, ఒక జనరేటరు, సొంత మొహం అచ్చువేసిన పొడుగాటి బ్యానరూ ఉన్నాయి. 'పరీక్ష ఏదైనా విజయం మీదే' అని దాని మీద రాసుంది. ఫుట్‌బాల్ మైదానంలో ఆరువందల కలాలు ఒకే కుప్పగా పోసి ఒకే ఊపులో ఊదేశాడు. ఎవరి కలం ఎవరిదో తెలియక గంటసేపు కొట్టుకున్నారు. త్వాలిబ్‌కి ఎవరిదో ఎర్ర సిరా కలం దక్కింది. షేక్ ఎవర్నీ ఏ ప్రశ్నా అడగలేదు. జనానికి బాగా నచ్చింది అదే.

సోమవారం తెల్లవారి నమాజు అయ్యాక మాలిం చాప దులుపుతుంటే త్వాలిబ్ వచ్చాడు. చంకలో పుస్తకం, భుజాన లవంగాల గోతం.

"గోదాంకి పంపాడు నాన్న. దారిలో ఇటు తిరిగాను," అన్నాడు. "ఆ తలకిందుల సంగతి, మెదడు తిప్పుకుంటుందంట మాలిం గారూ. కన్ను కాదు, మెదడు."

మాలిం దులిపిన చాప పరిచాడు. "మీ నాన్నకి చెప్పకుండా రావడం తప్పు."

"తెలుసండీ."

"సరే, కూర్చో. తర్వాత పాఠం ఏంటి?"

ఆ తప్పు పరీక్ష ముందు రోజు దాకా జరిగింది. గోతం అటు వరండా మూల, వాళ్ళిద్దరూ ఇటు చాప మీద. చివరి రోజు మాలిం పళ్ళెం మీద కుంకుమపువ్వుతో రాశాడు, పన్నీటితో కడిగాడు, తాగించాడు. తల మీద చెయ్యి పెట్టి ఎప్పుడూ అడిగే చిన్న దువా అడిగాడు. ఈసారి వీడి జ్ఞానం పెంచమని అడుగుతుంటే ఆయనకి సిగ్గనిపించలేదు.

ఫలితాలు జనవరి చివర్లో వచ్చాయి. త్వాలిబ్ లెక్కల్లో తప్పాడు. లెక్కలకి మాలిం పనికిరాలేదు, మైకులూ పనికిరాలేదు. మిగతావన్నీ గట్టెక్కాడు. జీవశాస్త్రంలో మాత్రం ఊళ్ళో అందరికన్నా ఎక్కువ వచ్చింది. ఒకటి పోయినా మొత్తమ్మీద పాస్. మసూద్ ఎద్దుని కోసి ఊరందరికీ పిలావు పెట్టాడు. షేక్ ముబీన్‌ని మనిషిని పంపి పిలిపించి, దిండ్లు వేసి, మధ్యలో కూర్చోబెట్టాడు. మైదానంలో కలం ఊదించుకున్న మిగతా వాళ్ళలో నాలుగొందల మంది తప్పారు. వాళ్ళకి విశ్వాసం చాలలేదని షేక్ వివరించాడు. తప్పినవాళ్ళ తండ్రులు కూడా తలలూపారు.

మాలింని కూడా పిలిచారు. చెప్పులు విప్పే చోటికి దగ్గర్లో చోటిచ్చారు. హిదాయా ఆడవాళ్ళ వైపు నుంచి పరదా పక్కగా చూస్తూనే ఉంది.

"మాలిం గారూ, చూశారా?" అన్నాడు మసూద్ ఆయన పళ్ళెంలో మాంసం వేస్తూ, పెద్దమనసుతో. "ఏమీ చదవకుండానే పాసయ్యాడు. దువా అంటే అదీ."

మాలిం తల ఎత్తాడు. అవతల వడ్డిస్తున్న త్వాలిబ్ చేతిలో గరిటె ఆగిపోయింది. వాడి మొహం చూశాక మాలింకి చెప్పాలనుకున్నది చెప్పబుద్ధి కాలేదు. చెబితే దొంగచాటుగా వచ్చిన పొద్దుటిపూటలన్నిటికీ వాడు జవాబు చెప్పుకోవాలి.

"దేవుడు ఎవరి మాట ఎప్పుడు వింటాడో ఎవరికి తెలుసు మసూద్ గారూ," అన్నాడు. "పిలావు బాగుంది." బాధ ఉంది. ఆకలి కూడా ఉంది. రెండోసారి వేయించుకున్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో హిదాయా ఊరుకోలేదు. "పరగడుపున చదివించింది నువ్వు, దిండు ఆయనకి. నోరు లేదా నీకు?"

"ఉంది. నిండుగా ఉంది. పిలావుతో."

మార్చిలో త్వాలిబ్ పక్క దీవి ఉంగుజాకి పడవ ఎక్కాడు, అక్కడ నర్సుల బడిలో సీటొచ్చి. మసూద్‌కి ఆ ఉద్యోగం నామోషీ. అయినా కొడుకు పట్టు వదల్లేదు. పడవకి గంట ముందు వరండాకి వచ్చి మాలిం చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు, గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "నాన్నకి చెప్పేయనా మాలిం గారూ?"

"జీతం వచ్చాక చెప్పు. అప్పుడు నమ్ముతాడు," అన్నాడాయన. వాడు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత లోపలికొచ్చి పిల్లల పాఠంలో మూడు తప్పులు వినకుండా వదిలేశాడు.

ఏప్రిల్ వానలకి ఊరి నడుమ కట్టిన షేక్ ముబీన్ బ్యానరు తెగి కొబ్బరి తోటలో పడింది. ఫలితాలొచ్చాక దాని మీద త్వాలిబ్ ఫోటో కూడా అతికించారు. హిదాయా దాన్ని ఈడ్చుకొచ్చి, ముక్కలు చేస్తానని కత్తి తీసింది.

"ఆగు," అన్నాడు మాలిం. వరండా పడమటి వైపు నుంచి జల్లు కొట్టి పిల్లల చాపలు తడుస్తున్నాయి. బ్యానరుని అడ్డంగా కట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. "చినుకు రావట్లేదు చూడు. షేక్ గారు ఈ పని బాగా చేస్తున్నారు."

పిల్లలు నవ్వారు. ఆయన వాళ్ళని గదిమి, ఆపిన చోటి నుంచి మళ్ళీ చదవమన్నాడు.