రెండు గంటలు కలిపి

ఆ ట్రావెల్ ఆఫీసులో ఆవిడని అందరూ టికెట్లమ్మ అంటారు. ఏ ఎయిర్‌పోర్టు నుంచి ఏ ఎయిర్‌పోర్టుకి ఎంత దూరమో, గాలిలో ఎన్ని గంటలో, లైన్లలో ఎన్ని గంటలో నోటిమీదే చెప్పేస్తుంది. అయితే ఇరవై రెండేళ్లుగా ఆవిడకో అలవాటు. తేలిన లెక్కకి రెండు గంటలు కలిపి గానీ చెప్పదు. "ముందు చేరితే దండం పెడతారు, ఆలస్యమైతే దండెత్తుతారు" అనేది ఆవిడ సిద్ధాంతం. నిజమే మరి, చెప్పినదానికంటే ముందే ఇల్లు చేరిన జనం ఫోన్ చేసి మరీ మెచ్చుకునేవాళ్లు.

ఆ రోజు ఫోన్ అక్క దగ్గర్నుంచి. తల్లి పోయాక జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచిన అక్క. తొమ్మిది వేల కిలోమీటర్ల అవతల ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు చేతులెత్తేశారు.

"చిట్టీ, ఎప్పటికొస్తావే?"

గాలిలో పదకొండు గంటలు, రోడ్ల మీదా లైన్లలోనూ ఐదు. అక్కడి గడియారం ప్రకారం రేపు నాలుగింటికల్లా అక్క మంచం పక్కనుంటుంది.

"రేపు సాయంత్రం ఆరింటికక్కా" అంది నోరు, అలవాటుకొద్దీ.

"సరే. నొప్పికి మత్తు ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. వేస్తే మళ్లీ కళ్లు తెరుస్తానో లేదో చెప్పలేరట. నీతో కాసేపు మాట్లాడాకే వేయించుకుంటా. ఓర్చుకుంటాలే. ఆ అరిగిపోయిన చెప్పులేసుకుని మాత్రం రాకు తల్లీ."

కొత్త చెప్పులు కొనుక్కుని విమానం ఎక్కింది. దారంతా కన్ను మూయలేదు. ఎదుటి తెరమీద కిలోమీటర్లు తరుగుతుంటే చూస్తూ కూర్చుంది. రెండున్నరకి దిగింది.

దిగానని చెబుదామని ఫోన్ తీసింది. అంతలోనే ఆగింది. ఆరింటికని ఎదురుచూసే మనిషి ముందు నాలుగింటికే నిలబడితే ఆ మొహం ఎలా విచ్చుకుంటుందో చూడాలనిపించింది. దారినపోయే వాళ్లందరికీ పంచిన సంతోషం, సొంత అక్కకి ఒక్కసారి ఇవ్వకూడదా? ఫోన్ సంచిలో పడేసుకుని టాక్సీ ఎక్కింది.

నాలుగుకి పది నిమిషాలుందనగా ఆసుపత్రి గది ముందుకి చేరింది. బయట కుర్చీలో ఉన్న బావ ఆమెని చూసి, గోడ గడియారం చూసి, మళ్లీ ఆమెని చూశాడు.

"ఆరింటికన్నావు కదమ్మా!"

"ముందే వచ్చేశాను బావా. అక్కేం చేస్తోంది?"

ఆయన కుర్చీలోంచి లేచాడు.

"పొద్దుట్నుంచీ పళ్ల బిగువున ఆపుకుంది. టైమెంత, టైమెంత అని ఒకటే అడగడం. మూడున్నరకి, ఇంకా రెండున్నర గంటలా, నా వల్ల కాదండీ అని ఏడ్చేసింది. ఇప్పుడే వేశారమ్మా. ఇరవై నిమిషాలైంది."

దిగగానే తను ఒక్క ఫోన్ చేసి ఉంటే అక్క ఆ కాసేపూ ఓర్చుకునేది. ఆ మాట బావ అనలేదు. అని ఉంటే బాగుండేది, కనీసం తిట్లయినా పడేది. లోపలికెళ్లి, అక్క చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, గడియారం నాలుగు కొట్టినా, ఐదు కొట్టినా అలాగే కూర్చుంది.

ఆరు కొట్టింది. బావ లోపలికొచ్చాడు.

"చిట్టి ఆరింటికొస్తుంది, అప్పుడు లేపండి అని చెప్పి పడుకుందమ్మా."

"లేపండి బావా."

ఆయన వంగి అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమేవ్, లే. చిట్టి వచ్చింది. చెప్పిన టైముకే వచ్చిందే."

మూడుసార్లు పిలిచాడు. అక్క లేవలేదు.