తాసిన్యో వారి గోడగారు

గిస్లేన్ తాసిన్యో పదకొండేళ్లుగా ఒకే అబద్ధాన్ని ఒకే చోట నిలబడి, పొద్దున పదింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి చెబుతోంది. ఆ చోటు ఆవిడ ఇంటి కింద సుద్దరాతిలో తవ్విన నేలమాళిగ చివర. ముందు తన వైను తయారీ చూడవచ్చినవాళ్లను ద్రాక్షతోటలోకి తీసుకెళ్లి గుత్తులు చూపించేది. తరవాత అరవై రెండు మెట్లు దించి, షాంపేన్ సీసాలను తలకిందులుగా గుచ్చిన కొయ్యపలకల మధ్య నడిపించి, చలికి వాళ్ల పళ్లు టకటకలాడే వేళకి ఆ చివరి గోడ దగ్గర ఆపేది.

"ఈ గోడ చూశారా?" అని అరచేత్తో తట్టేది. "యుద్ధంలో జర్మనులు ఊళ్లోకొచ్చినప్పుడు మా ఆయన నాయనమ్మ లెయొకాదీ మంచి సీసాలన్నీ ఈ మూల పేర్చి, ఒక్క రాత్రిలో అడ్డంగా గోడ కట్టేసింది. కొత్త గోడని పసిగడతారేమోనని సాలీళ్లను పట్టుకొచ్చి దీని మీద వదిలింది. తెల్లారేసరికి అవి గూళ్లల్లేశాయి. వాళ్ల అధికారి వచ్చి చూసి, తాతల నాటి గోడనుకుని వెళ్లిపోయాడు!"

మొదటి ఏడాది ఆ కథలో సాలీళ్లు పది. ఏటికేడూ సంతానం పెరిగి ఇప్పటికి రెండువందలయ్యాయి.

నిజానికి ఆ గోడ కట్టి ఇరవై రెండేళ్లే అయింది. కట్టించింది గిస్లేన్ భర్త ఆర్మెల్, అతని అన్న ఫుల్బేర్. ఆ ఏడు ద్రాక్ష సోమవారం కోద్దామన్నాడు ఆర్మెల్. ఇంకా పుల్లగా ఉంది, గురువారం దాకా ఆగుదామన్నాడు ఫుల్బేర్. ఎవరి వరసలు వాళ్లు ఎవరికి తోచిన రోజున కోసుకున్నారు. మధ్యలో బుధవారం కుండపోతగా వాన కురిసింది. ఆర్మెల్ వైను తాగినవాళ్లకు దవడలు లాగేశాయి. వానకు నాని కుళ్లు పట్టిన ఫుల్బేర్ వైను వాసన చూసినవాళ్లు తాగే దాకా రానే లేదు. తప్పు నీదంటే నీదని అన్నదమ్ములు కొట్టుకున్నంత పని చేసి, తాతలు తవ్విన నేలమాళిగను ఇటుకగోడతో రెండు చేసుకున్నారు. పదేళ్లు మాటల్లేకుండానే గడిచాయి. ఆ తరవాత ఆర్మెల్ పోయాడు. ఫుల్బేర్ చర్చిలో అందరికంటే వెనక నిలబడి, ఎవరినీ పలకరించకుండా వెళ్లిపోయాడు.

ఫుల్బేర్‌కిప్పుడు డెబ్బై రెండు. సందుకు అవతలి ఇల్లు ఆయనది. పెళ్లి చేసుకోలేదు. సందర్శకులంటే గిట్టదు. "సీసాలు నిద్రపోయే చోటికి జనాన్ని తోలుకొస్తారా? అదేమన్నా సంతా?" అనేవాడు. రోజూ తన పలకల ముందు నిలబడి, రెండు చేతులతో రెండేసి సీసాలను కొద్దికొద్దిగా తిప్పుకుంటూ పోవడమే ఆయన లోకం.

ఈ ఏడు వసంతంలో గిస్లేన్ చోటు చాలడం లేదని గోడకు ఆనించిన పలకల్ని పక్కకి జరిపించింది. వాటి వెనక, మనిషి తల ఎత్తులో, గాలి ఆడటానికి తాపీమేస్త్రీ వదిలిన అరచేతి వెడల్పు కన్నం ఉంది. దాన్ని ఆవిడ చూసింది గానీ పట్టించుకోలేదు.

జూన్‌లో ఒక రోజు బెల్జియం నుంచి సైకిళ్ల సంఘం వాళ్లు పద్నాలుగుమంది వచ్చారు. అందరూ ఉద్యోగాలు విరమించినవాళ్లే. వాళ్ల పెద్ద గోదలీవ్ అనే ఆవిడ, నలభై ఏళ్లు టపా పంచిన మనిషి. గిస్లేన్ గోడ తట్టింది. లెయొకాదీ వచ్చింది, సాలీళ్లు వచ్చాయి.

"తెల్లారేసరికి రెండువందల సాలీళ్లూ..."

"అబద్ధం!" అంది గోడ.

సైకిళ్లవాళ్లు కొయ్యబారిపోయారు. గిస్లేన్‌కు ఆ గొంతు విని ఇరవై రెండేళ్లయినా ఎవరిదో ఇట్టే తెలిసింది.

"పోయినేడు నూట యాభయ్యే కదా గిస్లేన్? చలికాలంలో పిల్లల్ని పెట్టాయా?"

"బావగారూ, మీ పని మీరు చూసుకోండి!" అంది గిస్లేన్ కన్నంకేసి తిరిగి.

"నా పనే చూసుకుంటున్నా. పదకొండేళ్లుగా రోజుకు రెండుసార్లు మా నాయనమ్మని సాలీళ్లు పట్టేదాన్ని చేస్తున్నావు. ఆవిడకి సాలీడంటే చచ్చేంత భయం. ఒక్కటి కనబడితే కుర్చీ ఎక్కేది!"

గోదలీవ్ ముందుకొచ్చింది. "గోడలకి చెవులుంటాయంటే విన్నాను గానీ, నోరు కూడా ఉందే! గోడగారూ, మరి అసలేం జరిగింది?"

గోడ కాసేపు ఆలోచించింది. గోడగారూ అని ఇంత మర్యాదగా పిలిచి అడిగితే చెప్పకుండా ఎలా ఉంటుంది?

"అసలప్పుడు గోడే లేదమ్మా. మంచి సీసాలన్నీ కోళ్లగూట్లో గడ్డి కింద దాచింది. ఆ అధికారి వస్తే, పాడైపోయిన వైను తీసి, ఇదే మా ఇంట్లో మేలైనదని పోసింది. ఒక్క గుక్కతో పారిపోతాడనుకుంది. వాడికి తెగ నచ్చేసింది! ప్రతి శనివారం రావడం మొదలుపెట్టాడు. ఆర్నెల్లకి పాడైన వైను కాస్తా అయిపోయింది. పాపం, ఆవిడ మంచి వైను తీసుకొచ్చి, కూర్చుని చెడగొట్టాల్సి వచ్చింది."

ఆ నవ్వులకి పలకల్లో సీసాలు అదిరాయేమోనని గిస్లేన్ భయపడింది. పైకొచ్చి గ్లాసుల్లో షాంపేన్ పోసి, పళ్లేల్లో గులాబీరంగు బిస్కెట్లు పెడుతుంటే గోదలీవ్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఎన్నో నేలమాళిగలు చూశామమ్మా. అన్ని చోట్లా సీసాలే. మీ ఇంట్లో మాత్రం నాటకం ఉంది. ఆ గోడలో మనిషి ఎవరో గానీ భలే ఆడాడు."

"ఆడటం కాదు, ఆయనకి రోగం!" అంది గిస్లేన్.

మర్నాడే ఆవిడ పాత గోనెపట్టా చుట్ట చుట్టి కన్నంలో కుక్కేసింది. ఈలోగా సైకిళ్లవాళ్లు ఊరూరా చెప్పారు. వారం తిరక్కుండా వచ్చినవాళ్లంతా ద్రాక్షతోటలోనే అడగడం మొదలుపెట్టారు, "గోడ ఎన్నింటికి మాట్లాడుతుందండీ?" అని. మాట్లాడదంటే ముఖాలు మాడ్చుకున్నారు. సాలీళ్లను మూడువందలు చేసి చూసింది. లాభం లేదు. చివరికి తన దగ్గర పనిచేసే ఒదిలోన్‌ను పీపాల వెనక దాక్కుని మాట్లాడమంది. అతను నెమ్మదస్తుడు, ఎవరి మాటా కాదనలేడు. సాలీళ్ల దగ్గరకి రాగానే పీపాల వెనక నుంచి, "క్షమించాలి మేడమ్, అది పూర్తిగా నిజం కాకపోవచ్చునేమో," అన్నాడు. తరవాత తుమ్మాడు.

ఇక తప్పక గిస్లేన్ సందు దాటింది. ఏదైనా వండి పట్టుకెళ్తే బతిమాలుకున్నట్టు ఉంటుందని చేతులూపుకుంటూ వెళ్లింది. ఫుల్బేర్ పెరట్లో బూట్లు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"కన్నంలో గోనె కుక్కావు. గాలి ఆడక నావైపు బూజు పడుతోంది."

"తీసేస్తాను. తీసేస్తే మాట్లాడతారా?"

"ఎవరితో?"

"జనంతో. మొన్న మాట్లాడినట్టు."

ఫుల్బేర్ రెండో బూటు అందుకున్నాడు. దాన్ని కడిగి, బోర్లించి, అప్పుడు అన్నాడు, "ఒక షరతు. నువ్వు ఇక మీద నిజమే చెప్పాలి."

"సరే. కోళ్లగూటి సంగతి నేనే చెబుతాను. అప్పుడు మీరేం చెబుతారు?"

"నేను... నువ్వు చెప్పింది తప్పని..."

"నేను నిజం చెబితే తప్పెక్కడుంటుంది బావగారూ?"

ఫుల్బేర్ కడిగిన బూటునే మళ్లీ కడిగాడు.

"అయితే కొంచెం అబద్ధం చెప్పు," అన్నాడు చివరికి. "మరీ ఎక్కువ కాదు. నాకు అందేంత."

అలా కుదిరింది. పదింటి జనానికి తొమ్మిది యాభైకే కన్నం అవతల గొంతు సవరించుకోవడం వినిపించేది. జనాన్ని ఛీ అన్న మనిషి ఇప్పుడు ఎవరూ రాని రోజున, "ఏం, ఇవాళ ఎవరూ లేరా? సరిగ్గా చూశావా?" అని గోడలోంచి విసుక్కునేవాడు. పడుచుదనంలో లెయొకాదీ అందగత్తె అని గిస్లేన్ అంటే, ఆయన నాయనమ్మ మీసాల గురించి చెప్పేవాడు. తన వైనులో బాదం వాసన ఉందని ఈవిడ అంటే, ఆయన అది ఒదిలోన్ తలనూనె అనేవాడు.

ఆగస్టులో ఒకరోజు లిల్ ఊరి నుంచి వచ్చిన ఒక లెక్కల మేష్టారు అడగకూడనిది అడిగేశాడు. "అప్పుడు గోడే లేదంటున్నారు కదా, మరి ఈ గోడ ఎవరు కట్టారు? ఎందుకు?"

గిస్లేన్ గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"మా ఆయన సోమవారం కోశారు," అంది గిస్లేన్. "ఈయన గురువారం కోశారు. అందుకు."

"అంతేనా?" అన్నాడు మేష్టారు.

"అంతే. సోమవారమే సరైనది."

ఫుల్బేర్ విరుచుకుపడతాడని ఆవిడ సిద్ధంగా నిలబడింది. కన్నంలోంచి వచ్చిన గొంతు సన్నగా ఉంది.

"సోమవారమూ కాదు, గురువారమూ కాదు. నా గురువారం తప్పని పీపా మూత తీసిన రోజే తెలిసింది. ఆర్మెల్‌కి చెప్పేద్దామనుకున్నా. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పదేళ్లు తోసేశాను. వాడు ఆగలేదు."

ఎవరో ముక్కు ఎగబీల్చారు. గిస్లేన్ గోడకు బాగా దగ్గరగా జరిగింది. జనం ఉన్నారన్న సంగతి మరిచిపోయింది.

"ఆయనకి తెలుసు బావగారూ. ఆ ఏటి మీ వైను ఒక సీసా దొంగచాటుగా తెప్పించుకుని వంటింట్లో తాగారు. తనదానికంటే ఘోరంగా ఉందని వారం రోజులు ఈలలు వేసుకుంటూ తిరిగారు."

గోడ అవతల చప్పుడు మొదలైంది. మొదట దగ్గనుకున్నారు. కాదు, ఫుల్బేర్ నవ్వుతున్నాడు. "ఈలా? వాడికి ఈల ఎక్కడ వచ్చింది?"

"రాదు. ఉత్త గాలే. అయినా వారం రోజులు వేశారు."

రోజూ జనం కొట్టే చప్పట్లూ, పొగడ్తలూ చివరికి ఫుల్బేర్ తలకెక్కాయి. సెప్టెంబరులో కోతలు ముగిశాక వచ్చిన మొదటి శనివారం, సరిగ్గా కథ మధ్యలో, ఆయన గిస్లేన్ ఇంటి మెట్లు దిగుతూ స్వయంగా ప్రత్యక్షమయ్యాడు. గోధుమరంగు కోటు, మెడకి టై, తడిపి దువ్విన జుట్టు. "నేనే గోడను," అన్నాడు చేతులు చాచి.

జనం ఆయన్ని కిందనుంచి పైదాకా చూశారు.

"ఓహో," అంది ఒకావిడ మర్యాదకి. ఆవిడ భర్త గిస్లేన్ చెవిలో అడిగాడు, "ఈయన మాట్లాడాక గోడ మాట్లాడుతుందా?"

ఫుల్బేర్‌కు వినబడనే వినబడింది. రెండు మాటలు చెప్పబోయాడు గానీ, ఇన్ని ముఖాలు ఎదురుగా కనిపించేసరికి తడబడిపోయాడు. లెయొకాదీని లెయొపోల్డ్ అని మగవాణ్ణి చేశాడు. టై సర్దుకుని, వచ్చిన దారినే మెట్లెక్కేశాడు. ఆయన మోకాలి నొప్పితో అరవై రెండు మెట్లెక్కి, సందు దాటి, తన మెట్లు దిగేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. అంతసేపూ గిస్లేన్ చలిలో వణికే జనానికి, సీసా మెడలోకి దిగిన మడ్డిని గడ్డకట్టించి ఎలా తీస్తారో రెండుసార్లు చెప్పింది.

"అబద్ధం!" అని కన్నంలోంచి ఆయాసపడుతూ గొంతు వినిపించగానే జనం కేరింతలు కొట్టారు. మడ్డి గురించి గిస్లేన్ చెప్పింది అక్షరాలా నిజం. అయినా ఆవిడ పట్టించుకోలేదు.

అక్టోబరులో ఆ గోడ కట్టిన తాపీమేస్త్రీ వచ్చి ఇద్దర్నీ సందులో నిలబెట్టి, "ఇక రాజీ పడ్డారట కదా, గోడ పడగొట్టమంటారా? పోనీ ఒక తలుపైనా పెట్టనా?" అని అడిగాడు. ఇద్దరూ ఒక్కసారే అతని మీద లేచారు. మేస్త్రీ వెళుతూ వెళుతూ, ఆ రోజు కూడా అన్నదమ్ములిద్దరూ ఇలాగే మీదపడి కట్టించారని గొణుక్కున్నాడు.

ఇప్పుడు ఫుల్బేర్ ఆదివారాలు గిస్లేన్ ఇంటికి భోజనానికి వస్తాడు. బల్లకు ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాటలు దొరకవు. ఆవిడ ఉడకబెట్టిన పందిమాంసం, క్యాబేజీ వడ్డిస్తుంది. ఆయన ఉప్పు తక్కువైందంటాడు. ఆవిడ ఉప్పు ముందుకు తోస్తుంది. పళ్లెంలో మిగిలిన రసాన్ని రొట్టెముక్కతో తుడుచుకుని తిని, టోపీ అందుకుని, "సోమవారం పదింటికి కదా?" అంటాడు గుమ్మంలో.

"పదింటికే," అంటుంది గిస్లేన్. "ఇరవైమంది వస్తున్నారు. గొంతు దాచుకోండి."