పాలసొర పుట్టు

పొయ్యి మీంచి దించిన పాలసొర చేపను గుడ్డలో మూటకట్టి, చెయ్యి కాలుతున్నా లెక్కచేయకుండా పిండుతోంది సంతోషమ్మ. లోపల పసిగుడ్డు పొద్దుటి నుంచి గుక్కపట్టి ఏడుస్తోంది. కోడలు జెస్సీకి పాలు చాలడం లేదు.

పులికాట్ సరస్సు ఒడ్డున బాలింతకు పాలు పడాలంటే పుట్టు, అంటే సొరచేప పొడికూర, ఒక్కటే మందు. పల్లెలో ఎవరింట పురుడైనా చట్టి పట్టుకుని బయలుదేరేది సంతోషమ్మే. పసుపు నీళ్లలో ఉడికించి, తోలు ఒలిచి, గట్టిగా పిండి, వెల్లుల్లి మిరియాలతో పొడిపొడిగా వేయించాలి. చెడంతా పిండిన నీళ్లతోనే పోతుందని వాళ్లమ్మ చెప్పింది. వాళ్లమ్మకు వాళ్లవ్వ చెప్పింది. ఇప్పుడు పడవలు తోసే మగపిల్లల్లో సగం మంది ఆ చేతి పుట్టు తిన్న తల్లుల బిడ్డలే మరి.

బిడ్డను తూచిన నర్సు రూపశ్రీ వసారాలోకి వచ్చి చట్టిలోకి తొంగిచూసింది.

"అవ్వా, ఈ సొర యాడిది?"

"యాడిదేంది? మన కాలవ సముద్రంలో కలిసే మొగలో పడిందే. నీకూ రొంత పెట్టేదా? పెండ్లయినాక పనికొస్తాది."

రూపశ్రీ నవ్వలేదు. "జెస్సీకి పెట్టొద్దవ్వా. కాలవ చేపల్ని పరీక్ష చేసినారు. మన పక్క ఫ్యాక్టరీ పొగలోని విషం ఉండాదంట. బాలింతలకి వద్దని మాకు చెప్పినారు."

"నేను పిండినాను గదమ్మణ్ణీ! సూడు, సుక్క నీళ్లు లేవు."

"అది నీళ్లతో పోయేది కాదు. కొవ్వులో దాక్కుంటాది. పొగలో లేస్తాది, వానలో దిగతాది, బురదలో కూసుంటాది. బురద తినే రొయ్యలో రొంత, రొయ్యని తినే చేపలో ఇంకా రొంత, చేపల్ని తినే సొరలో కుప్ప. ఉడకబెట్టినా చావదు. తల్లి తింటే పాలల్లోకి వస్తాది."

గడప దగ్గర జెస్సీ బిడ్డను గుండెకు అదుముకుంది. "అట్లయితే నేను పాలు మానేయాల్నా అక్కా?"

"అయ్యో, పాలు మానొద్దు! ఈ చేప మాను. బిడ్డని మాటిమాటికీ ఎదకేసుకో, పాలు పడతాయి."

నర్సు వెళ్లిపోయింది. పోయిన నెలలోనే పల్లెలో ఇంకో బాలింత నందినికి ఈ పుట్టే పెట్టింది సంతోషమ్మ, ఇంకో ముద్ద తినమని బతిమాలి మరీ.

చట్టి తీసుకుని నీళ్ల దగ్గరికి నడిచింది. పారేయబోయి ఆగింది. నీళ్లలో వేస్తే మళ్లీ చేపలే కదా తినేది. వెనక్కి వచ్చి పెరట్లో గొయ్యి తీయబోతే పార కింద మన్ను రాలేదు, బూడిద వచ్చింది. చేపలు పడక వలలు ఎండిపోయాక కొడుకు మునిశేఖర్ ఫ్యాక్టరీ ట్రాక్టరు తోలుతున్నాడు. వాననీళ్లు ఇళ్లలోకి రాకుండా ఎత్తు పోసుకోమని ఫ్యాక్టరీవాళ్లు బూడిద ఊరికే ఇస్తుంటే, వీధంతా మునిశేఖర్‌ను దీవించింది. ఆ పొగతో పాటు పుట్టిన బూడిదలోనే ఇప్పుడు కోళ్లు కెలుక్కుని తింటున్నాయి. పోనీ పొయ్యిలో వేద్దామా? పొగ వస్తుంది. పొగ ఎక్కడికి పోతుందో ఇప్పుడే కదా విన్నది.

చట్టి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడే ట్రాక్టరు వాకిట్లోకి తిరిగింది.

"ఏందమ్మా అడ్డం? జరుగు. ఈ లోడు పడితే వాకిలి ఎత్తయితాది."

"దించొద్దురా."

"దించకుంటే యాడికి తీసుకపోదును?"

"యాడ ఎత్తినావో ఆడికే."

"రేపట్నించి పనికి రావద్దంటారు. వలలో ఏముండాదో నీకు తెలీదా?"

"తెలుసు నాయనా. నా చట్టిలో ఏముండాదో నీకే తెలీదు."

ఆమె చట్టిని ట్రాక్టరు మీద అతని కాళ్ల దగ్గర పెట్టింది. "ఇదీ వాళ్లదే. యాడ పారేస్తే పోతాదో వాళ్లనే అడుగు."

మునిశేఖర్ చట్టికేసి చూశాడు. లోపల బిడ్డ ఏడుపు ఆగి, మళ్లీ మొదలైంది. గాలికి లోడు మీది బూడిద లేచి అతని జుట్టు మీద, చట్టిలో, తల్లి చీర మీద పడుతోంది. ఇంజను ఆపలేదు. బండి వెనక్కీ తిప్పలేదు.

సంతోషమ్మ వచ్చి మళ్లీ బండి ముందర నిలబడింది.