పిల్లల్ని ఇళ్ళకు పిలిచే పాట

నోబుకో ముల్లంగిని సన్నగా తరుగుతోంది. ఎండు ముక్కలుంటే చలికాలమంతా కూరకు వెతుక్కోనక్కర్లేదు. పక్కనే, దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న అక్క హత్సుయే ఒక్కో ముక్కా తీసి నోట్లో వేసుకుంటోంది.

"పచ్చివి అక్కా అవి. కడుపు నొప్పి వస్తుంది."

"ఎవరింటి పనిమనిషివమ్మా నువ్వు? నీ సొమ్మేదో పోతున్నట్టు!" అంది హత్సుయే.

మతిమరుపు జబ్బు ముదిరి, పోయిన వేసవి నాటికి అక్క నోరు విప్పడం మానేసింది, కూర్చున్న చోటి నుంచి లేవడమూ మానేసింది. రోజూ పగలు తీసుకెళ్ళి దింపే వృద్ధుల కేంద్రంలో ఓగురి అనే ఆవిడ ఆర్గాన్ వాయిస్తూ ముసలివాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది. బడి పాటలు, పెళ్ళి పాటలు అన్నీ వాయించి చూసింది. హత్సుయే కదల్లేదు. చివరికి, పొద్దు వాలేటప్పుడు ఊరి లౌడ్‌స్పీకర్లలో రోజూ వచ్చే పాట ఎత్తుకుంది. హత్సుయే పెదవులు కదిలాయి. తరువాత మడమలు. ఆకులు రాలే రోజులకల్లా ఆ పాటకు లేచి, అడుగులు వేస్తూ గదంతా తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నోబుకో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

చీకటి పడుతోంది, ఇళ్ళకు రండని ఆడుకునే పిల్లలను పిలిచే పాట అది. అక్కడున్న వాళ్ళంతా ఆ రేవు ఊళ్ళోనే పుట్టి, అది వింటూ పెరిగినవాళ్ళు. చెవులు అలవాటు పడిపోయి, అది ఏం చెబుతోందో ఒక్కరికీ తట్టలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, స్పీకర్లలో పాట రాగానే హత్సుయే ఇంట్లోంచి వెళ్ళిపోయింది. రేవు గోడ మీద దొరికింది.

"చిన్నది ఇంకా రాలేదు. అమ్మ నన్ను తిడుతుంది."

"ఆ చిన్నదాన్ని నేనేగా అక్కా! నోబుని!"

హత్సుయే ఆమెను ఎగాదిగా చూసింది. "సిగ్గు లేదూ ముసలమ్మా? మా చెల్లికింకా పాలపళ్ళే ఊడలేదు."

రెండోసారి మోకాళ్ళ లోతు సముద్రంలో నిలబడి నోబూ, నోబూ అని కేకలు పెడుతూ దొరికింది. మళ్ళీ ఇలా జరిగితే కొండవతల, బయటి నుంచి తాళం వేసే ఆసుపత్రికి పంపాల్సిందేనని ఊరి అధికారి చెప్పి వెళ్ళాడు. నోబుకో మర్నాటి నుంచి అక్కను కేంద్రానికి పంపలేదు. బల్ల దగ్గర కూర్చోబెట్టి, లేవనివ్వలేదు.

ఈ రోజు ఓగురి వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. హత్సుయే రెండు చేతులూ పట్టుకుని లేపబోయింది. మోకాళ్ళు వంగిపోయాయి.

"ఏం చేశారు నోబుకో గారూ! మొన్నటి దాకా నడిచిన మనిషి!"

"నడిచే కదండీ సముద్రంలో దిగింది."

"వేరే పాట పెడతాను."

"అన్నీ పెట్టి చూశారుగా. దేనికి లేచింది?"

"ఇలా కూర్చోబెడితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. వసంతం దాకా కూడా..."

"తెలుసు."

"తెలిసే చేస్తున్నారా?"

"ఇక్కడైతే నా పక్కన పోతుంది. అక్కడ తాళం వెనకాల, ఏ మొహమూ తెలియని చోట పోతుంది."

"మీ మొహం మాత్రం తెలుస్తోందా ఆవిడకి?"

నోబుకో తరగడం ఆపింది. కత్తి పక్కన పెట్టింది.

బయట స్పీకర్లు గరగరమన్నాయి. పాట మొదలైంది. హత్సుయే తల ఎత్తింది. రెండు అరచేతులూ బల్లకు ఆనించి పైకి లేవబోయింది. నోబుకో అక్క భుజం మీద చెయ్యి వేసింది. గట్టిగా నొక్కనక్కర్లేకపోయింది.

"వదలవే! చిన్నది చీకట్లో ఉంది. భయమేస్తుందే దానికి!"

"ఆ చెయ్యి తియ్యండి," అంది ఓగురి.

నోబుకో తియ్యలేదు. అక్క ఒళ్ళు ఆ చేతి కింద వణుకుతూనే ఉంది. పాట అయిపోయాక కూడా చాలాసేపు వణికింది. తరువాత వణుకు ఆగిపోయింది.

ఓగురి లేచి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంది. అక్కాచెల్లెళ్ళను ఒకసారి చూసి, తలుపు పక్కకు జరిపి వెళ్ళిపోయింది.