వేలు మందం మంచు

ఐస్ తాత చేతులకి బుద్ధి లేదని కోడలు ఊరికే అనలేదు. మనిషి బంగారం. మాట మెత్తన, మనసు వెన్న. ఆ చేతులున్నాయి చూశారూ, అవి మాత్రం ఎవరి మాటా వినవు. సగం జీవితం ఐస్ ఫ్యాక్టరీలో, మిగతా సగం ఫ్రిజ్‌ల రిపేరులో అరిగిపోయిన చేతులవి. ఫ్రీజరు గోడకి వేలు మందం మంచు కనిపించిందా, ఇంక అంతే. స్విచ్చి ఆపేసి, తలుపు బార్లా తీసి, తోమడం మొదలుపెడతాయి. "వేలు మందం దాటితే ఫ్రిజ్‌కి ఊపిరాడదమ్మా" అంటాడాయన. ఒకసారి ఒంట్లో బాగాలేని స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్ళి, ఆయన్ని పలకరించడం మర్చిపోయి, వాళ్ళ ఫ్రిజ్ కడిగేసి వచ్చాడు.

అలాంటి మనిషి తిరిగే ఇంట్లో, శనివారం సాయంత్రం, మనవరాలు పండ్ల ఐస్‌లు పెట్టించింది.

మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో అందరికీ చిట్టి. కొత్త బడిలో చేరి నాలుగు నెలలైనా ఒక్క స్నేహితురాలు కూడా గుమ్మం తొక్కలేదు. పైగా క్లాసులో కోతలరాణి అని పేరు పెట్టారు. "ఏం కోతలు కోశావే?" అని తల్లి అడిగితే, "ఏదో అన్నాలే" అని మొహం తిప్పేసుకుంది. చివరికి ఎలాగో ధైర్యం చేసి నలుగురిని పిలిచింది: ఆదివారం నాలుగింటికి రండి, మా ఇంట్లో చేసిన పండ్ల ఐస్‌లు పెడతాను. ఆ నలుగురిలో ఒకమ్మాయి క్లాసు లీడరు. చాక్‌పీసు ఆవిడ చేతిలోనే ఉంటుంది. "వస్తాం. ఐస్‌లు లేకపోతే మాత్రం సోమవారం బోర్డు మీద పెద్దక్షరాలతో కోతలరాణి అని రాస్తాను" అందట. సెలవులకి ఇంకా వారం ఉంది. వారం రోజులు ఆ బోర్డు కింద కూర్చోవడమంటే మాటలా?

అందుకే చిట్టి ఆ ఐస్‌ల విషయంలో ఎవర్నీ నమ్మలేదు. తల్లి కుట్టు మిషను ఆపి వచ్చి మామిడిపండు, అనాస, బొప్పాయి సన్నగా తరిగితే, చిట్టి నల్లద్రాక్షలు రెండేసి ముక్కలు చేసింది, దానిమ్మ గింజలు ఒలిచింది. కమలాపండ్ల రసం పిండి చక్కెర పాకంలో కలిపింది.

"ఇంకాస్త పాకం పొయ్యి. గడ్డకడితే తీపి తగ్గుతుంది" అన్నాడు తాత, పక్కన కుర్చీ వేసుకుని.

"నువ్వు చెప్తే చాలు తాతయ్యా, చేతులు పెట్టకు."

"పెట్టనే తల్లీ!"

ఎనిమిది అచ్చుల్లోనూ సమానంగా పండ్లు పడాలని లెక్కపెట్టి మరీ వేసింది. తర్వాత ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించింది: 'ఎవరూ ముట్టుకోవద్దు. తాతయ్య అసలు ముట్టుకోవద్దు.' తాత అది చదివి, నవ్వి, తలూపాడు.

ఆదివారం పదకొండింటికి ఇంట్లో ఎవరి పని వాళ్ళది. కొడుకు బస్సు డ్రైవరు, డ్యూటీకి వెళ్ళాడు. కోడలు ముందుగదిలో ఎవరివో జాకెట్లు కుడుతోంది. చిట్టి మేడమీద చాపలు పరచి, ఎవరెక్కడ కూర్చోవాలో సర్దుతోంది. తాత మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చాడు. ఫ్రిజ్‌లోంచి సీసా తీశాడు. పైన ఐస్‌లు గట్టిపడ్డాయో లేదో ఒక్కసారి చూద్దామనిపించింది. చూస్తే తప్పేముంది? చూశాడు. రాళ్ళలా ఉన్నాయి. సంతోషించాడు.

ఆ సంతోషంలోనే పక్క గోడ కంటబడింది. వేలు పెట్టి చూశాడు. వేలుకి వేలున్నర.

ఇంకేముంది! అచ్చులన్నీ గిన్నెలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, పది నిమిషాల పనే కదా అనుకుని స్విచ్చి ఆపేశాడు. వేడినీళ్ళ గిన్నె లోపల పెడితే మంచు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. అంతటితో ఆపితే బాగుండేది. తలుపు రబ్బరు మడతల్లో నల్లటి మురికి కనిపించింది. పాత పళ్ళ బ్రష్షు తెచ్చి తోమాడు. ఫ్రిజ్ వెనక్కి తొంగి చూస్తే గొట్టాల మీద చారెడు దుమ్ము. అయ్యయ్యో, దీని ప్రాణం ఎంత అల్లాడిపోతోందో అని ఫ్రిజ్‌ని ముందుకి లాగి, కూనిరాగం తీస్తూ, గొట్టం గొట్టం తుడిచాడు. నడుం పట్టేసి లేచి నిలబడేసరికి పన్నెండున్నర దాటింది.

గట్టు మీంచి ఎర్రటి నీళ్ళు సన్నగా ధారకట్టి నేలమీద పడుతున్నాయి.

తాతకి మిన్ను విరిగి మీద పడ్డట్టయింది. తువ్వాలు తీశాడు. ఎనిమిది అచ్చుల్లోనూ రసమే. పుల్లలు పక్కకి వాలిపోయి ఉన్నాయి. గబగబా స్విచ్చి వేశాడు గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ పాత ఫ్రిజ్ మళ్ళీ చల్లబడి, మళ్ళీ గడ్డకట్టించేసరికి చీకటి పడుతుంది. ఆ సంగతి ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?

వెనక్కి తిరిగితే గుమ్మంలో చిట్టి.

అరిచి ఉంటే బాగుండేది. ఫ్రిజ్ తలుపు మీద కాగితం పీకి, ఉండ చుట్టి, తాత చేతిలో పెట్టింది. "రేపు నేను బడికి వెళ్ళను" అని, వెళ్ళి మంచం మీద బోర్లా పడుకుంది.

కోడలు వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "మామయ్యగారూ, నిన్న సాయంత్రం నుంచీ ఒకటికి పదిసార్లు చెప్పింది కదండీ పిల్ల! కాగితం కూడా రాసి పెట్టింది!"

"తప్పు నాదేనమ్మాయ్" అన్నాడాయన. ఎంత పెద్ద ఫ్యాక్టరీ యంత్రం ఆగినా బెదరని మనిషి, తొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో పెట్టిన కాగితం ఉండ చూసి బెదిరిపోయాడు. "ఉప్పు ఎంతుంది ఇంట్లో? రాళ్ళ ఉప్పు?"

"ఇప్పుడు ఉప్పెందుకండీ?"

"ఎంతుంది చెప్పు."

"జాడీ నిండా ఉంది."

"జాడీ, బకెట్టూ మేడమీద పెట్టు. ఆ రసం పారబొయ్యకు, వడకట్టకు. చిన్న స్టీలు గ్లాసులు ఎనిమిది తియ్యి. బాగా పల్చటివి చూడు." అని సంచి పట్టుకుని ఎండలో పడ్డాడు.

వీధి చివర చేపల కొట్టు మూసి ఉంది. ఆదివారం పొద్దుటి బేరాలు అయ్యాక, కొట్టావిడ మూడున్నర దాకా షట్టరు ఎత్తదు. తాత మెట్ల మీదే కూర్చున్నాడు. రెండయింది. మూడయింది. నెత్తిన వేసుకున్న తడి తువ్వాలు ఆరిపోయింది. షట్టరు లేచేసరికి ఎదురుగా ఈయన.

"ఏంటి తాతా, ఇంత ఎండలో చేపల కోసమా?"

"చేపలొద్దమ్మా. వాటి కింద పరుపు కావాలి. చేప తగలని కొత్త ఐస్ దిమ్మ ఇయ్యి."

ఆవిడ పగలబడి నవ్వి, ఉన్నవాటిలో పెద్ద దిమ్మ ఇచ్చింది. గోనెసంచిలో చుట్టి భుజాన వేసుకుని ఆ ముసలాయన పరుగు చూస్తే ఎవరికైనా తల ప్రాణం తోకకొస్తుంది.

ఇల్లు చేరేసరికి నలుగురు పిల్లలూ మేడమీద చాపల మీద కూర్చుని ఉన్నారు. చిట్టి గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తోంది. "ఐస్‌లు ఏవీ?" అంటోంది లీడరు, నడుం మీద చెయ్యి వేసుకుని. అందరి మొహాల్లో 'మాకు తెలుసులే' అన్న నవ్వు.

తాత దిమ్మని వాళ్ళ మధ్యలో దించాడు. "ఐస్‌లు ఉండేవమ్మా. తెల్లారేసరికి రాళ్ళలా గట్టిపడ్డాయి. నేనే ఫ్రిజ్ ఆపి కరగబెట్టాను. మీ స్నేహితురాలి తప్పు పిసరంత లేదు. ఇప్పుడు మళ్ళీ చేస్తాను, కూర్చోండి."

"ఫ్రిజ్ లేకుండానా?" అంది లీడరు.

"ఫ్రిజ్ లేకుండానే."

ఆ పిల్ల ఠక్కున చిట్టి వంక తిరిగింది. "అయితే నువ్వు ఆ రోజు చెప్పింది నిజమా? మీ తాతయ్య బకెట్లో ఐస్ చేస్తాడన్నావే?"

దిమ్మ కొట్టడానికి తాత ఎత్తిన సుత్తి ఆగిపోయింది. అదా ఆ కోత! నిద్రపుచ్చడానికి తను చెప్పిన ఫ్యాక్టరీ రోజుల కబుర్లు. ఈ పిచ్చితల్లి వాటిని బడిలో గర్వంగా చెప్పుకుని, అందుకే పేరు పెట్టించుకుందన్నమాట. తన గురించి చెప్పినందుకే. ఇంట్లో అడిగితే నోరు విప్పలేదు కూడాను. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళజోడు తుడుచుకునే వంకతో తుడిచేసుకున్నాడు.

"చిట్టీ, ఇలా రా. ఉప్పు నువ్వెయ్యి" అన్నాడు.

చిట్టి కదల్లేదు.

"నా చేతులకి బుద్ధి లేదని మీ అమ్మ చెప్పలా? నువ్వు దగ్గరుంటేనే అవి సరిగ్గా పనిచేస్తాయి. రావే తల్లీ."

వచ్చింది. తాత మంచుని గులకరాళ్ళంత ముక్కలు కొట్టి పోస్తే, చిట్టి మూడు దోసిళ్ళ మంచుకి ఒక దోసెడు ఉప్పు చొప్పున వేసింది. పండ్ల రసం పోసిన గ్లాసుల్ని అంచుల దాకా ఆ మంచులో పాతారు. ఉప్పునీళ్ళు లోపల పడకుండా చూడమని ఒక్కో పిల్లకి ఒక్కో గ్లాసు అప్పగించి, మిగతా మూడూ తను చూసుకున్నాడు. అటు తిప్పాలి, ఇటు తిప్పాలి, ఆపకూడదు. కాసేపటికి బకెట్టు బయట తెల్లగా నూగు పట్టింది. ఒకమ్మాయి వేలు పెట్టి "అమ్మో!" అని లాక్కుంది. రసం అంబలిలా చిక్కబడ్డాక పుల్లలు నిలబెట్టారు. అవి పడిపోలేదు. కోడలు కూడా మిషను వదిలేసి వచ్చి, ముక్కున వేలేసుకుని నిలబడింది.

గంటకి కాస్త తక్కువే పట్టింది. తాత ఒక గ్లాసుని నీళ్ళలో ముంచి, తుడిచి, పుల్ల పట్టుకుని లాగి లీడరు చేతికిచ్చాడు. ఎర్రటి ఐస్, లోపల మామిడి, ద్రాక్ష, దానిమ్మ. ఆ పిల్ల నాకింది. కొరికింది. చల్లదనానికి మొహమంతా ముడుచుకుపోయింది.

"నిజమైన ఐసే" అంది. తర్వాత చిట్టి వైపు చూసి, "నిజమే" అంది. నవ్విన నాపచేనే పండుతుందంటే ఇదే మరి!

ఒక గ్లాసులో మాత్రం ఉప్పునీళ్ళు పడ్డాయి. అది తాత తిన్నాడు, మొత్తం, మొహం చిట్లించకుండా. ఆ శిక్ష తనకి తక్కువేనని ఆయనకి తెలుసు.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక, ఆయన తడిసిన చాపలు దులుపుతుంటే చిట్టి వచ్చి పక్కన నిలబడింది. మధ్యాహ్నం తాత వంటింటి గట్టు మీద వదిలేసిన కాగితం ఉండని సాపు చేసి తెచ్చింది. పాత రాత కొట్టేసి, కింద కొత్తగా ఏదో రాసింది.

"తాతయ్యా, సెలవులు ఇచ్చిన రోజు క్లాసంతా వస్తారట. లీడరు బోర్డు మీద రాస్తుందట. నా పేరు కాదు, మన ఇంటి అడ్రసు."

"క్లాసంతానా! బకెట్టు చాలదే. గంగాళం కావాలి" అన్నాడు తాత.

"అమ్మని అడిగాను, తెప్పిస్తానంది" అని చిట్టి ఆ కాగితాన్ని ఆయన జేబులో పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని విప్పి చూశాడు.

'ఆ రోజు పొద్దున్నే ఫ్రిజ్ ఆపెయ్యాలి. తాతయ్య మర్చిపోవద్దు.'